మంద్రస్వరపు పెట్టె

సంగీత బృందములో మంద్రస్వరమును పలికించువానికి ఒక పాత చిక్కు కలదు. అతని వాద్యము తక్కిన వారందరికిని ఆధారము. కాని అది వినవచ్చుట కష్టము. ఇరువదవ శతాబ్దపు తొలి భాగమున అమెరికా దేశపు నాట్యశాలలలో ఈ పనిని డబుల్ బాస్ అను పెద్ద తంత్రీవాద్యము చేయుచుండెను. అది ఇంచుమించు ఆరడుగుల యెత్తుండును. దానిని నేలపై నిలువబెట్టి, ప్రక్కన నిలిచి, వ్రేళ్ళతో మీటుదురు. బూరలును డోళ్ళును చెలరేగి మ్రోగు వేళ దాని పలుకు సభలోని వెనుక వరుసలకు చేరుట గగనము. దానిని బండిపై కెక్కించుటయు దించుటయు వేరొక బాధ.

కాలిఫోర్నియా రాష్ట్రములోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేయు దుకాణము నడపిన లియో ఫెండర్ ఈ చిక్కునకొక ఉపాయము చూపెను. గిటారువలె భుజమునకు తగిలించుకొని వాయింపదగిన నాలుగు తీగెల బాస్ గిటారును అతడు 1951లో అమ్మకమునకు తెచ్చెను. అంతకు పూర్వమే, 1930 తరువాతి సంవత్సరములలో, సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అనునతడు అట్టి వాద్యమును చేసియుండెను గాని అది వ్యాప్తికి రాలేదు. ఫెండరు చేసినది లోకమంతట వ్యాపించెను. ఇంతకును ఫెండరుకు గిటారు వాయించుట రాకపోవుట ఒక విచిత్రము.

ఈ క్రొత్త వాద్యమునకు బోలుకడుపు లేదు. దాని శరీరము గట్టి కొయ్య. తీగెల క్రింద నమర్చిన అయస్కాంతములును తీగెచుట్టలును వాటి కంపనమును విద్యుత్తుగా మార్చును. ఆంప్లిఫయరు ఆ విద్యుత్తును పెంచును. స్పీకరు దానిని మరల గాలి కదలికగా మార్చును. విద్యుత్తు లేనిచో బాస్ గిటారు వాయించువానికే సరిగా వినబడదు. వీణకు కుండ యెట్టిదో బాస్ గిటారుకు స్పీకరు పెట్టె అట్టిది. వాద్యమున సగము వాదకుని భుజమున వ్రేలాడుచుండగా తక్కిన సగము అతని వెనుక నేలపై నుండును. కావున ఆ పెట్టెను చేయుట వట్టి వడ్రంగపు పని కాదు, వాద్యనిర్మాణమే.

ఈ నిర్మాణములోని కష్టము అర్థమగుటకు మంద్రస్వరపు స్వభావమును తెలిసికొనవలెను. బాస్ గిటారులోని లావు తీగెను వేలితో నొక్కక మీటినప్పుడు అది సెకనుకు సుమారు 41 మార్లు కంపించును. శబ్దము గాలిలో సెకనుకు ఇంచుమించు 344 మీటర్లు ప్రయాణించును. అనగా ఆ స్వరపు ఒక్కొక్క అల 8 మీటర్లకు మించిన పొడవు గలది. అనేకములగు తరగతి గదులకంటె ఆ అలయే పెద్దది.

అంతటి అలను పుట్టించవలసినది కాగితపు గరాటు. నేటి స్పీకరు రూపమును 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇరువురు ఇంజనీర్లు లోకమునకు వివరించిరి. గరాటు కొనకు సన్నని తీగెచుట్ట అంటింపబడియుండును. ఆ చుట్ట బలమైన అయస్కాంతపు సందులో ఆడుచుండును. విద్యుత్తు ముందు వెనుకలుగా ప్రవహించినకొలది చుట్టయు, దానితో గరాటును ముందు వెనుకలకు కదలి గాలిని నెట్టును.

స్పీకరును పెట్టె లేకుండ ఊరక బల్లపై నుంచి మ్రోగించినచో ఒక వింత కనబడును. పైస్వరములు చక్కగానే వినవచ్చును. మంద్రస్వరములు మాత్రము మాయమగును. గరాటు కదలుచున్నట్లు కంటికి కనబడును గాని చెవికి పలుకు చేరదు. నీటిలో అరచేతిని నెమ్మదిగా కదల్చినప్పుడు నీరు వ్రేళ్ళ ప్రక్కలనుండి జారి వెనుకకు పోవునే గాని అల లేవదు. ఇచ్చటను అట్లే. గరాటు ముందునకు వచ్చినప్పుడు ముందరి గాలి ఒత్తిడి హెచ్చును, వెనుకటి గాలి ఒత్తిడి తగ్గును. కదలిక నెమ్మదియైనది కావున ముందరి గాలికి గరాటు అంచు చుట్టి వెనుకకు పోవుటకు కావలసినంత వ్యవధి యుండును. ఒత్తిడియు, లోటును కలిసి ఒకదానినొకటి రద్దుచేసికొనును. ఈ రెండిటిని కలియనీయకుండుటయే పెట్టె యొక్క మొదటి ధర్మము.

అన్ని వైపుల మూసిన పెట్టెలో స్పీకరును బిగించుట సుళువైన మార్గము. అందు వెనుకటి శబ్దము బయటికి రాదు. కాని బందీయైన గాలి ఊరకుండదు. సైకిలు పంపు కొనను బొటనవ్రేలితో మూసి పిడిని నొక్కిచూచినవారికి అది తెలియును. గాలి స్ప్రింగువలె తిరుగబడి నెట్టును. పెట్టె చిన్నదైనకొలది ఆ స్ప్రింగు బిరుసెక్కును. బిరుసెక్కినకొలది గరాటు పెద్ద ఊపులు ఊగజాలదు. మంద్రస్వరమునకు కావలసినవి ఆ పెద్ద ఊపులే. ఒక స్వరమును అదే బిగ్గతనముతో ఒక స్థాయి క్రిందికి దించవలెనన్న గరాటు నాలుగింతలు దూరము కదలవలెను. సెకనుకు 164 కంపనములప్పుడు ఒక మిల్లీమీటరు కదలినచో, 82 కంపనములప్పుడు 4 మిల్లీమీటర్లును, 41 కంపనములప్పుడు 16 మిల్లీమీటర్లును కదలవలసియుండును. ఏ కాగితపు గరాటైనను అంత దూరము కదలుట మిక్కిలి కష్టము.

రెండవ మార్గము పెట్టెకు రంధ్రము చేయుట. పైకి ఇది తెలివితక్కువ పనిగా తోచును. అంత శ్రమపడి మూసిన గాలిని మరల వదలుట యెందులకు? దీనికి సమాధానము ఖాళీ సీసా మూతిపై ఊదు పిల్లవానికి తెలియును. సీసా ఒకే స్వరమును పలుకును. కొంత నీరు పోసి ఊదినచో స్వరము హెచ్చును. సీసా మెడలోని గాలి ఒక బరువువలెను, కడుపులోని గాలి ఒక స్ప్రింగువలెను ప్రవర్తించి, రెండును కలిసి తమకు సహజమైన వేగముతో ఊగులాడును. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ ఇట్టి బోలు గోళములను అనేకము చేయించి, వాటితో స్వరములను విడదీసి పరీక్షించి, 1863లో ప్రకటించిన గ్రంథమున వాటి తత్త్వమును వివరించెను. బెల్ ప్రయోగశాలలో పనిచేసిన ఆల్బర్ట్ థ్యూరస్ అదే తత్త్వమును స్పీకరు పెట్టెకు పట్టించి 1932లో పేటెంటు పొందెను.

రంధ్రమునకు ఒక గొట్టమును తగిలించి, దానిలోని గాలి బరువును పెట్టెలోని గాలి స్ప్రింగును తగురీతిగా సరిపుచ్చినచో, గరాటు వెనుకటి శబ్దము గొట్టము గుండ వచ్చునప్పటికి తలక్రిందులై, ముందరి శబ్దమునకు శత్రువుగాక మిత్రమై కలియును. వృథాగా పోవలసిన సగము శక్తి మంద్రస్వరమునకు తోడ్పడును. అంతేకాక, సరిగా ఆ స్వరము వద్ద గరాటు ఇంచుమించు నిలిచిపోవును, పలుకునది గొట్టమే. గరాటునకు శ్రమ తగ్గును. అయితే ఈ మేలునకు ఒక వెల కలదు. ఆ స్వరముకంటె క్రిందికి పోయినచో పెట్టెలోని గాలి స్ప్రింగుగా పనిచేయదు. గొట్టము గుండ ఊరక వచ్చి పోవుచుండును. అప్పుడు గరాటునకు పట్టు తప్పి, అది హద్దు మీరి కొట్టుకొని చిరిగిపోవచ్చును. మూసిన పెట్టెలో ఈ ప్రమాదము తక్కువ.

తొలినాటి వాదకులకు ఈ శాస్త్రముతో పనిలేదు. తమ పలుకు వినబడిన చాలును. ఫెండరు 1952లో బాస్‌మాన్ అను ఆంప్లిఫయరును 15 అంగుళముల స్పీకరు ఒకదానితో అమ్మెను. 1950ల నడుమ దానిని మార్చి 10 అంగుళముల స్పీకర్లు నాలుగింటిని పెట్టెను. బాస్ వాద్యముకొరకు చేసిన ఆ యంత్రమును మామూలు గిటారు వాయించువారే ఎక్కువగా మెచ్చుకొనిరి. లండనులో జిమ్ మార్షల్ దానిని చూచియే 1962లో తన తొలి ఆంప్లిఫయరును చేయించెను. బాస్ వాదకుని చిక్కు మాత్రము తీరలేదు. సభలు పెరిగెను. 1965 ఆగస్టులో న్యూయార్క్ నగరపు షే స్టేడియములో బీటిల్స్ బృందము వాయించినప్పుడు ఏబదియైదు వేలకు పైగా జనము కూడిరి. వారి కేకలలో వాదకులకు తమ వాద్యములు తమకే వినబడలేదు.

1969లో ఆంపెగ్ సంస్థ ఈ పోరునకు తగిన ఆయుధమును తెచ్చెను. అది 300 వాట్ల ఆంప్లిఫయరు. దానికి తోడైన పెట్టె నాలుగడుగుల యెత్తు గలది. అందు 10 అంగుళముల స్పీకర్లు ఎనిమిది. లోపల నాలుగు గదులు, గదికి రెండేసి స్పీకర్లు, అన్నియు మూసినవే. ఆ యేడు అమెరికా యాత్రలో రోలింగ్ స్టోన్స్ బృందము దాని తొలి నమూనాలను వాడెను. తరువాత లెక్కకు మిక్కిలిగ బాస్ వాదకులు దానినే కోరిరి. అది 60 కిలోలకు పైబడిన బరువు గలది. దానిని మెట్లెక్కించిన వారు దానిని ఫ్రిజ్ అనియు, ఇంకను కటువైన పేర్లతోను పిలుచుట కలదు.

ఆ బరువు ఆ సంస్థవారి మొరటుతనమువలన వచ్చినది కాదు. దాని వెనుక ప్రకృతినియమ మొకటి కలదు. కే.ఎల్.ఎచ్. అను స్పీకర్ల సంస్థ స్థాపకులలో నొకడగు ఆంటన్ హోఫ్‌మన్ దానిని సూత్రీకరించెను; దానిని హోఫ్‌మన్ ఉక్కు నియమమని వాడుక. పెట్టె చిన్నదిగా నుండవలెను, మంద్రస్వరము లోతుగా పలుకవలెను, కొద్ది విద్యుత్తుతోనే బిగ్గరగా మ్రోగవలెను: ఈ మూడు కోరికలలో రెండే తీరును. మంద్రస్వరమును ఒక స్థాయి క్రిందికి దించి, బిగ్గతనమును తగ్గింపకుండ నుండవలెనన్న పెట్టె ఎనిమిదింతలు పెరుగవలెను. లేదా పెట్టెను అట్లే యుంచి ఎనిమిదింతల విద్యుత్తు ఈయవలెను. మంచి స్పీకరు సైతము తనకిచ్చిన విద్యుత్తులో నూటికి ఐదు పాళ్ళైనను శబ్దముగా మార్చుట అరుదు. తక్కినదంతయు తీగెచుట్టలో వేడియగును. ఎనిమిదింతలు విద్యుత్తు అనగా ఎనిమిదింతలు వేడి. చుట్ట మాడిపోవును.

మసాచుసెట్సులోని కేంబ్రిడ్జి పట్టణమున ఎడ్గర్ విల్చర్ 1954లో ఇంటివాడుకకై చేసిన చిన్న మూసిన పెట్టె ఈ నియమమునకు చక్కని ఉదాహరణము. అది చిన్నది, లోతుగా పలుకునది. కాని విద్యుత్తును విశేషముగా త్రాగునది. ఇంటి గదిలో అది చాలును. వేదికపై చాలదు. వేదికపై వాడు పెట్టెలు సాధారణముగా లోతును కొంత వదలుకొనును. ఆంపెగ్ వారి ఎనిమిది స్పీకర్ల పెట్టె సైతము సెకనుకు 58 కంపనములకు దిగువన క్రమముగా తగ్గిపోవునని ఆ సంస్థయే తెలుపుచున్నది. అయినను 41 కంపనముల తీగె అందు నిండుగా వినబడును. తీగె ఒక్క స్వరమునే పలుకదు. 82, 123 మొదలగు గుణిజములను గూడ పలుకును. వాటిని వినిన చెవి మూలస్వరమును తనంతట తాను పూరించుకొనును. ఇట్లు వినువాని చెవియు ఆ పెట్టె చేసిన పనిలో పాలు పంచుకొనుచున్నది.

ఇంతవరకు పెట్టెలు చేసినవారి పద్ధతి చాలవరకు చేసి చూచుట, కోసి చూచుట. రంధ్రము గల పెట్టె విషయమున ఇది మరింత నిజము. ఏ స్పీకరునకు ఎంత పెట్టె, ఎంత గొట్టము అని ముందుగా చెప్పజాలక, చాలమంది అట్టి పెట్టెలను బోంకు పెట్టెలని నిరసించిరి. ఈ చీకటిని తొలగించినవాడు ఆస్ట్రేలియా దేశపు ఇంజనీరు నెవిల్ థీల్. స్పీకరు, పెట్టె, గొట్టము ఈ మూడును కలిసి ఒక విద్యుత్ వలయమువలె ప్రవర్తించునని అతడు గ్రహించెను. విద్యుత్ వడపోత వలయములను గూర్చి ఇంజనీర్లకు అప్పటికే చక్కని లెక్కలు తెలియును. ఆ లెక్కలనే పెట్టెకు వర్తింపజేసి 1961లో తన దేశపు రేడియో ఇంజనీర్ల పత్రికలో వ్యాసము ప్రకటించెను. స్పీకరును గూర్చి కొన్ని కొలతలు తెలిసిన చాలును, పెట్టెను కాగితముపైననే నిర్ణయింపవచ్చునని దాని సారాంశము.

ఆ వ్యాసమును ప్రపంచము చాలకాలము పట్టించుకొనలేదు. దూరదేశపు పత్రికలో వెలువడుటచే అమెరికాలోను ఐరోపాలోను అది కొద్దిమంది కంటనే పడెను. రిచర్డ్ స్మాల్ అను అమెరికా యువకుడు సిడ్నీ విశ్వవిద్యాలయమున పరిశోధనకు వచ్చి, దాని విలువ నెరిగి, దానిని విస్తరించెను. 1971లో అమెరికాలోని ఆడియో ఇంజనీర్ల సంఘపు పత్రిక థీల్ వ్యాసమును మరల ముద్రించెను; 1972, 1973లలో స్మాల్ వ్యాసములు వెలువడెను. నేడు స్పీకరు కొన్నవానికి దానితో వచ్చు కాగితముపై ఈ ఇరువురి పేర్లతో కొన్ని అంకెలు ముద్రింపబడియుండును. అందు ముఖ్యమైనవి మూడు: గరాటు తనంతట తాను ఊగు సహజవేగము, గరాటు అంచు బిగువునకు సమానమైన స్ప్రింగుగా పనిచేయు గాలి యెన్ని లీటర్లు అనునది, ఊపును స్పీకరు ఎంత త్వరగా అణచుకొనగలదో తెలుపు అంకె. ఈ మూడును చూడక పెట్టె చేయుట, పాదముల కొలత తీయక చెప్పులు కుట్టుట వంటిది.

ఒక ఉదాహరణమును చూడవచ్చును. 15 అంగుళముల స్పీకరు ఒకదాని అంకెలను లెక్కింపగా, 110 లీటర్ల పెట్టెయు, సెకనుకు 45 కంపనముల గొట్టపు స్వరమును దానికి తగియున్నవని తేలినదనుకొనవలెను. లోపలి కొలతలు 60 సెంటీమీటర్ల యెత్తు, 48 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు అయినచో ఘనపరిమాణము 115 లీటర్లగును. స్పీకరు వెనుకభాగము, గొట్టములు, అడ్డకర్రలు కలిసి ఐదారు లీటర్లను ఆక్రమించును. మిగులునది ఇంచుమించు 110 లీటర్లు.

ఇక గొట్టము. గొట్టపు నోటి వైశాల్యము హెచ్చినచో స్వరము హెచ్చును. గొట్టపు పొడవు గాని పెట్టె పరిమాణము గాని హెచ్చినచో స్వరము తగ్గును. హెల్మ్‌హోల్ట్జ్ సూత్రమును బట్టి లెక్కింపగా 10 సెంటీమీటర్ల వ్యాసము గల గొట్టము ఒక్కటే అయినచో దాని పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లు చాలును. పని సుళువైనదని సంతోషించుటకు వీలులేదు. అంత గాలి ఒక్క సన్నని గొట్టము గుండ పరుగెత్తునప్పుడు బుస్సుమని చప్పుడు చేయును. వాద్యముతోబాటు ఆ బుసయు వినబడును. కావున అట్టి గొట్టములు రెండు పెట్టవలెను. నోరు రెట్టింపైనందున అదే స్వరమునకు పొడవును పెంచవలసియుండును. లెక్క ప్రకారము 21 సెంటీమీటర్లు రావలెను. కాని గొట్టపు రెండు కొనల వెలుపల నున్న గాలియు కొంత లోపలి గాలితో కలిసి కదలును. ఆ మేరకు గొట్టము తన పొడవుకంటె సుమారు 7 సెంటీమీటర్లు హెచ్చు పొడవైనట్లు ప్రవర్తించును. దానిని తీసివేయగా 14 సెంటీమీటర్లు. నీటిపారుదలకు వాడు ప్లాస్టిక్ గొట్టము దీనికి సరిపోవును.

పలకల సంగతి చెప్పునప్పుడు తెలుగువారికి బొబ్బిలి వీణ జ్ఞప్తికి రాక మానదు. బొబ్బిలి శిల్పులు పనసకొయ్యను ఏరి తొలిచి వీణ చేయుదురు. తీగెతోబాటు ఆ కొయ్యయు పలుకవలెనని వారి తపన. స్పీకరు పెట్టె చేయువాని కోరిక సరిగా దీనికి విరుద్ధము. అతని కొయ్య మూగదిగా నుండవలెను. పలుకవలసినవి గరాటును గొట్టమునే. గోడ తానుగూడ కంపించినచో తనకిష్టమైన స్వరమును అదనముగా చేర్చి, తక్కిన స్వరములను మురికిచేయును. పైగా గోడను కదల్చిన శక్తి శబ్దమునకు నష్టము. తేకు మొదలగు ఒంటికొయ్య ఎంత మేలైనదైనను ఋతువు మారినప్పుడు ఉబ్బుచు కుంగుచు అతుకులను విప్పును. పొర పొరకును పేడు అడ్డముగా అంటించిన ప్లైవుడ్‌కు ఆ దోషము లేదు. 18 మిల్లీమీటర్ల మందము గల బర్చి ప్లైవుడ్ ఈ పనికి ప్రసిద్ధము. కొయ్యపొట్టును జిగురుతో అచ్చువేసిన పలకలు చవుకైనవే గాని అంచులు రాలును, మరమేకు పట్టు నిలువదు, బరువు హెచ్చు.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పలక ఒకటి ఈ పెట్టెకు చాలి మిగులును. ప్రక్కపలకలు రెండు 63.6 సెంటీమీటర్ల యెత్తున, పైపలకయు అడుగుపలకయు 48 సెంటీమీటర్ల పొడవున, ఈ నాలుగును 43.6 సెంటీమీటర్ల లోతున కోయవలెను. ముందు వెనుకల పలకలు 60కి 48 సెంటీమీటర్లు. అవి ఆ చట్రము లోపల ఇమిడి కూర్చుండును. ఎదురెదురు పలకలను ఒకే కొలతపై ఒకేమారు కోయుట వడ్రంగులెరిగిన మెలకువ. కొలత కొద్దిగా తప్పినను రెండును ఒకే తీరున తప్పును, పెట్టె వంకరపోదు. మూలమట్టముతో ప్రతి మూలను సరిచూచి, అంచులకు జిగురు ధారాళముగా పూసి, క్లాంపులతో బిగించి, మరమేకులు వేయవలెను. మరమేకులు జిగురు ఆరువరకు పట్టియుంచుటకే. ఆరిన పిమ్మట పెట్టెను నిలుపునది జిగురే. లోపలి మూలల వెంబడి బద్దెలు అంటించినచో బలమును, గాలి చొరని బిగువును కలుగును.

ప్రక్కపలకల నడుమ ఒకటి, ముందు వెనుకల పలకల నడుమ ఒకటి అడ్డకర్రలు పెట్టుట మరువరాదు. పెద్ద పలకకు నడిమిభాగము బలహీనము. డప్పు చర్మమువలె అచ్చటనే ఎక్కువ ఊగును. ఒక్క అడ్డకర్ర ఆ ఊపును పట్టి నిలుపును. పలకను ఇంకను దళసరిగా చేయుటకంటె ఇది తక్కువ బరువుతో హెచ్చు ఫలితము నిచ్చును. పెట్టెను వేలి కణుపుతో తట్టి చూచినప్పుడు డోలువలె మ్రోగక, రాతిని తట్టినట్లు పొడిగా వినబడవలెను.

ముందుపలకలో స్పీకరునకు సుమారు 35 సెంటీమీటర్ల గుండ్రని రంధ్రమును, దాని దిగువ గొట్టములకు రెండు రంధ్రములను కోసి, ఉప్పుకాగితముతో అంచులు రుద్దవలెను. స్పీకరు అంచు క్రింద మెత్తని పట్టీ పరచి బోల్టులతో బిగింతురు. ఈ పెట్టెలో సందు ఎంత సన్నదైనను శత్రువే. మంద్రస్వరము పలికినప్పుడు అందుండి గాలి ఈలవేయును. లోపలిగోడలకు ఒక అంగుళము మందమున దూది వంటిది అంటించినచో పైస్వరముల ప్రతిధ్వని అణగును. కాని గొట్టము నోటికి అది అడ్డురాకూడదు. పైపూత, మూలలకు లోహపు తొడుగులు, ముందు ఇనుప జల్లెడ ఎవరి అభిరుచి వారిది. పిడులను మాత్రము పెట్టె బరువు సమతూకముగా నిలుచు చోటనే పెట్టవలెను. స్పీకరు బరువంతయు ముందువైపుననే యుండుటచే ఆ చోటు సరిగా నడుమ రాదు.

తీగెలు కలుపుట చిన్నపనియే గాని అజాగ్రత్త ఇచ్చట ఖరీదైనది. స్పీకరు విద్యుత్తును నిరోధించు కొలతను ఓములలో చెప్పుదురు. 8 ఓముల స్పీకర్లు రెండు సమాంతరముగా కలిపినచో మొత్తము 4 ఓములగును. అట్టివి నాలుగు కలిపినచో 2 ఓములు. ఆంపెగ్ వారు తమ పెట్టెలో 32 ఓముల స్పీకర్లు ఎనిమిదింటిని సమాంతరముగా కలిపి 4 ఓములు రాబట్టిరి. ఆంప్లిఫయరు ఓర్వగలిగినదానికంటె తక్కువ ఓములు తగిలించినచో అది మితిమీరిన విద్యుత్తును పారించి కాలిపోవచ్చును. వాల్వులతో పనిచేయు ఆంప్లిఫయరుల విషయమున వేరొక హెచ్చరిక: స్పీకరు తగిలింపక వాటిని ఎన్నడును మ్రోగింపరాదు. పెట్టెలో ఒకటికంటె ఎక్కువ స్పీకర్లున్నప్పుడు అన్నియు ఒకే దిక్కునకు కదలునట్లు కలుపవలెను. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని ఒక్కక్షణము తాకించినచో గరాటు ముందునకు వచ్చునో వెనుకకు పోవునో కంటికి తెలియును. ఒకటి ముందునకును ఒకటి వెనుకకును పోయినచో, పెట్టె లేని స్పీకరునకు పట్టిన గతియే ఆ రెండిటికిని పట్టును.

స్పీకరు ఈ విధముగా విద్యుత్తును కదలికగా మార్చునట్లే, కదలికను విద్యుత్తుగా మార్చుటకు గూడ పనికివచ్చును. 1966లో లండనులోని అబీ రోడ్డు స్టూడియోలో బీటిల్స్ పాటకు బాస్ గిటారును ముద్రించునప్పుడు, మైక్రోఫోనులు తగినంత మంద్రమును పట్టలేకున్నవని, అచ్చటి ఇంజనీర్లు ఒక పెద్ద స్పీకరునే మైక్రోఫోనుగా వాడి, వాదకుని పెట్టె యెదుట నిలిపిరి.

పెట్టె పూర్తియైన పిమ్మట దానిని పరీక్షింపవలెను. కోరిన కంపనసంఖ్య గల స్వరమును పుట్టించు సాధనము నేడు చేతి ఫోనులలోనే లభించును. ఆ స్వరమును ఆంప్లిఫయరునకిచ్చి, మెల్లని బిగ్గతనముతో 80 కంపనములనుండి క్రమముగా దించుచు రావలెను. దారిలో ఎచ్చటనైనను ఏదైనను గిలగిల లాడినచో ఆపి, చేతితో తడవి, ఆ చోటు కనిపెట్టి బిగింపవలెను. వదులు మరమేకు, ఇనుప జల్లెడ, తగులుకొనని తీగె సాధారణముగా దోషులు. 60, 55, 50 అని దిగుచుండగా గరాటు ఊపు క్రమముగా తగ్గుచున్నట్లు కనబడును. ఒక స్వరము వద్ద అది ఇంచుమించు నిశ్చలమగును. స్పీకరు చెడిపోయినదని తొలిసారి చూచువాడు భయపడును. కాని గొట్టము నోటివద్ద అరచేయి పెట్టినచో గాలి బలముగా తగులుచుండును.

అదియే ఈ పెట్టె స్వరము. ఆ గుర్తు 45 వద్ద వచ్చినచో లెక్కయు చేతిపనియు కుదిరినవి. 48 వద్ద వచ్చినచో గొట్టము పొట్టిదైనది. 42 వద్ద వచ్చినచో పొడవైనది. పొట్టి గొట్టమును పెంచుట కష్టము, పొడవు గొట్టమును తగ్గించుట సుళువు. కావున అనుభవము గలవారు గొట్టములను మొదట 16 సెంటీమీటర్లకు కోసి, స్పీకరును విప్పి, లోపలి కొననుండి అర అంగుళము చొప్పున తగ్గించి మరల బిగించి చూచుచు, గరాటు నిలిచిపోవు చోటు 45కు చేరిన పిమ్మటనే గొట్టములకు జిగురు పూయుదురు.